చింత మొదట్లో వీరాయమ్మ ముంత

ఆ రేవు పక్కన చింతచెట్టు ఉండేదే, అదే, ఇప్పుడు గోదాట్లో కలిసిపోయిందనుకోండి, కానీ ఉన్నన్నాళ్ళూ దాని కాయ ఒక్కటీ మన లంకలో ఎవరి పులుసులోనూ పడలేదు. రాలింది రాలినచోటే పుచ్చిపోయేది. ఎందుకంటారా? దాని మొదట్లో వీరాయమ్మ ఉండేది, ముంతలో. ఒరే, ఆ వెనకాల కూచున్న పోకిరీ, నవ్వకు, ముందు విను.

వీరాయమ్మ అంటే సత్తిరాజు మొదటి పెళ్ళాం. పురిట్లో పోయింది, పసిగుడ్డుని వదిలేసి. రెండేళ్ళు తిరక్కుండా సత్తిరాజు పల్లాలమ్మని చేసుకున్నాడు, మగాళ్ళ సంగతి తెలిసిందేగా, ఇంక ఆవిడ కాపరానికొచ్చిన నెలలోపే వీరాయమ్మ పట్టుకుంది. జుట్టు విరబోసుకుని, కళ్ళు తేలేసి, పల్లాలమ్మ నోట ఒకటే మాట, నా పిల్ల తిందా, నా పిల్ల తిందా అని. ఎవరన్నా జవాబు చెప్పారా? అబ్బే. దెయ్యం అడిగితే పలక్కూడదని, పలికితే పట్టు వదలదని మన పెద్దల శాస్త్రం కదా. వేపమండలతో ఆవిడ వీపు చీరేశారు గానీ, తిందమ్మా అని ఒక్కళ్ళన్లేదు. ఆఖరికి భూతవైద్యుడు లచ్చన్న వచ్చి, వీరాయమ్మని ముంతలోకి దింపి, మూతికి గుడ్డ కట్టి, చింత మొదట్లో పాతేసి, ఈ ముంత బయటపడితే అది మళ్ళీ పల్లాలమ్మ దగ్గరికే వస్తుంది, ఈసారి ప్రాణం తీసిగానీ పోదు అని చెప్పి, తనకిచ్చిన కోడిని చంకన పెట్టుకుని చక్కా పోయాడు.

అప్పట్లో గోదారి ఎక్కడ, చింత ఎక్కడ! మధ్యలో పొగాకు చేలు, అరటితోట. అవతలి ఒడ్డున ఎవడన్నా కేకేస్తే ఫలానా వాడని గొంతుని బట్టి చెప్పేవాళ్ళం, ఇప్పుడు అక్కడ నిలబడింది మనిషో గేదో తెలీదు, అంత వెడల్పయిపోయింది. ఏటా వరదకి ఇంత ముక్క కోసుకుంటూ తోట మింగేసింది, చేలు మింగేసింది. అందరూ భూమి పోయిందని ఏడుస్తుంటే పల్లాలమ్మ చింతకేసి చూసి వణికిపోయేది. ముంతని తవ్వి ఇంకోచోట పాతుదామంటే లచ్చన్న చచ్చిపోయాడాయె, దాన్ని ముట్టుకునే మొనగాడు ఊళ్ళో లేడు.

ఆ భయంతోనే పల్లాలమ్మ, వీరాయమ్మ కూతురు సరోజినిని పెంచింది, తలంటింది, జడేసింది, పెళ్ళి చేసింది, పురుడు పోసింది. పురిటినాడు ఎన్ని మొక్కులు మొక్కిందో ఆవిడకే తెలియాలి. తల్లీ పిల్లా క్షేమంగా బయటపడ్డారు.

ఆ మరుసటేడు పెద్ద వరద. నీళ్ళు చింత మొదటిదాకా వచ్చి నిలబడ్డాయి, చెట్టు కదల్లేదు, వరద తీసింది, అందరూ హమ్మయ్య అన్నారు. అక్కడే ఉంది తిరకాసు. గట్టు వరదలో విరగదర్రా, వరద తీశాక విరుగుతుంది. పైన నల్లమట్టి నీళ్ళు తాగి బరువెక్కి ఉంటుంది, కింద ఇసకని ఏరు లాక్కుపోయి ఉంటుంది, ఇంక ఆనుకోడానికి నీళ్ళు కూడా లేకపోతే ఏం చూసుకుని నిలబడుతుంది?

దీపాలవేళ పల్లాలమ్మ పెరట్లో మనవరాలికి పెరుగన్నం పెడుతోంది. ఢామ్మని చప్పుడు. చూస్తే చింతచెట్టు లేదు. చెట్టూ ముంతా అన్నీ గోదాట్లోకి పోయాయి. అంతలో ఏటివేపు నించి, నా పిల్ల తిందా అని వినపడింది. పల్లాలమ్మ గుర్తుపట్టదూ? ఒకప్పుడు తన నోట్లోంచే వచ్చిన గొంతది. పలక్కూడదని తెలుసు. కానీ ఇన్నేళ్ళు చాకిరీ చేసిన మనిషికి ఒళ్ళు మండదా? "తిందే తల్లీ! ఇన్నాళ్ళూ నా చేత్తోనే తింది. పురుడూ సుఖంగా అయింది. ఇదిగో నీ మనవరాలు, ఇదీ తింటోంది. నువ్వింక బెంగ పెట్టుకోకు, వెళ్ళు" అనేసింది.

అంతే. ప్రాణం తీస్తుందని కళ్ళు మూసుకు కూచుంది గానీ ఏమీ అవలేదు. నిండు బిందె దింపుకున్నప్పుడు హమ్మయ్య అంటామే, అలా ఓ నిట్టూర్పు వినపడిందట, తరవాత ఒట్టి నీళ్ళ చప్పుడు. పల్లాలమ్మ ఏడ్చింది, నవ్వింది, ఆ రాత్రి ఆవిడ గురక వీధి చివరిదాకా వినపడింది. పాపం, ఎన్నేళ్ళ నిద్రో! ఒక్క ముక్క ముందే చెప్పుంటే వేపమండలూ మిగిలేవి, కోడీ మిగిలేది.

వీరాయమ్మ మరి ఎవరి జోలికీ రాలేదు. అయితే అక్కడ ఆడుకోవచ్చా అంటారా? ఆ విరిగిన అంచు మీదకి వెళ్ళారో, కాళ్ళు విరగ్గొడతాను. దెయ్యం అడిగింది కాబట్టి చెప్పి పంపించాం. గట్టు ఎవరినీ ఏమీ అడగదు.