లిఫ్టులో ఇంటికి

నలభై రెండో అంతస్తు. సాయంత్రం. మూసి ఉన్న తలుపు ముందు భుజాన సంచితో అతను. తలుపు పక్కనున్న చిన్న స్పీకరులో అతని భార్య గొంతు.

“ఇంకోసారి నొక్కినా తియ్యను.”

“అదేంటి, రోజూ తీస్తావుగా!”

“రోజూ తీశాను. అదే నా పొరపాటు.”

“ఏం చేశానో చెప్పు తల్లీ. ఆఫీసు నుంచి అలిసిపోయి వచ్చా.”

“ఆఫీసు ఎక్కడుంది?”

“మళ్లీ మొదలుపెట్టకు.”

“చెప్పు, ఎక్కడుంది?”

“... మన హాల్లో.”

“మరి హాల్లోంచి ఇంట్లోకి రావడానికి లిఫ్టులో అట్టడుగుదాకా దిగి, మళ్లీ ఎక్కొచ్చి, బెల్లు కొట్టడం ఎందుకు?”

“సాయంత్రం కాగానే ఆఫీసు గోడ జరిపేసి, కుర్చీలోంచి లేచి సోఫాలో కూర్చుంటే ఇంటికొచ్చినట్టు ఉండదే! బుర్ర అక్కడే ఉండిపోతుంది. నీకూ నచ్చేదిగా? ‘దారిలో ట్రాఫిక్ ఎలా ఉంది’ అని నవ్వేదానివి.”

“మొదట్లో నవ్వాను. ఆ తర్వాత నువ్వు నిజంగానే జవాబు చెప్పడం మొదలుపెట్టావు.”

“సరదాకి...”

“నువ్వు దిగి ఎక్కితే నీకు ఇల్లొస్తుంది. నేనెక్కడికి దిగను? పొద్దున్నే గోడ జరిగి హాలు ఆఫీసవగానే కుట్టుమిషను ఈడ్చుకుంటూ పడగ్గదిలోకి. మీవాళ్ల మీటింగుకి చప్పుడవుతోందంటే బాత్రూం పక్కకి. మీ లెక్కలాయన ఫ్రిజ్ తెరిచి నిన్నటి కూర తినేశాడు!”

“ఆఫీసు ఫ్రిజ్ అనుకున్నాడు, పాపం.”

“పాపమా! ఉప్పెక్కువైందని నాకే చెప్పాడు.”

“ఏం ఎదురింటి బాబూ, బయట నిలబడ్డారు?”

“ఏం లేదండీ. గాలికి.”

“ఈ నడవాలో గాలెక్కడిది?”

“అదే చూస్తున్నానండీ.”

“ఎవరు? ఎదురింటి పెద్దాయనా?”

“ఆఁ. వెళ్లిపోయారు. పరువు పోతోంది, తియ్యి.”

“ఇవాళ నువ్వు గోడ అవతల మీటింగులో ఉన్నప్పుడు ఇద్దరొచ్చారు, టేపు పట్టుకుని. వంటగది గోడ కొలిచారు.”

“... ఎవరు?”

“ఎవరో నీకు తెలీదూ?”

“అంటే... అది ఇంకా...”

“ఆ గోడ కూడా జరిగేదిగా చేస్తారట. పగలంతా మీటింగు గది. మరి వంటెప్పుడు అనడిగితే, ‘సార్ ఒప్పుకున్నారు కదమ్మా’ అన్నారు.”

“చెబుదామనే అనుకున్నా.”

“ఎప్పుడు?”

“పనిలో ఇంటి మాటలు వద్దనుకున్నాం. ఇంట్లో పని మాటలు వద్దనుకున్నాం. మరి ఎప్పుడు చెప్పను?”

“అందుకని ఎప్పుడూ చెప్పలేదు.”

“లిఫ్టులో అనుకుంటూ వచ్చేవాణ్ణి. నిజం! పైకొచ్చేసరికి మాటలన్నీ సిద్ధంగా ఉండేవి. నువ్వు తలుపు తీస్తావు, నీ మొహం చూస్తాను, అంతే.”

“నేనడిగింది ఒక్క గది. గోడలు కదలని గది. చూద్దాం అన్నావు.”

“చూస్తున్నా కదా!”

“మూడేళ్లుగా చూస్తూనే ఉన్నావు. నీ కళ్లు కాయలు కాసుంటాయి.”

“వెటకారం వద్దు. నేను కాదంటే ఉద్యోగం ఉండదు. ఉద్యోగం లేకపోతే కంపెనీ ఇచ్చిన ఈ ఇల్లూ ఉండదు. రెండూ ఒకటే అని నీకు తెలీదా?”

“తెలుసు. అందుకే ఇందులో నాకు చోటు లేదని ఇవాళ అర్థమైంది.”

“పెద్ద మాటలొద్దు. వేలిముద్ర పెడితే ఈ తలుపు నాకూ తెరుచుకుంటుంది, తెలుసుగా?”

“మరి పెట్టవేం?”

“నువ్వు తీస్తేనే...”

“ఊఁ?”

“నువ్వు తీస్తేనే ఇల్లులా ఉంటుంది.”

“ఈ ముక్క ఎన్నాళ్ల క్రితం చెప్పాల్సింది!”

“ఇప్పుడు చెప్పాగా. రేపు వాళ్లతో మాట్లాడతాను. వంటగది జోలికి రావద్దంటాను. ఏమైతే అదవుతుంది.”

“ఉండు, ఉక్కగా ఉంది. కిటికీ తీస్తాను.”

“విన్నావా? ఏంటా రొద? టీవీ పెట్టావా?”

“టీవీ కాదు.”

“సరే, ఏదో ఒకటి. తియ్యి. లోపల కూర్చుని మాట్లాడుకుందాం.”

“లోపల ఎవరితో మాట్లాడతావు?”

“నీతోనే! ఇంకెవరితో?”

“బెల్లు కొడితే నా ఫోను మోగేట్టు నువ్వే కదా పెట్టావు? మీ మీటింగు అవకముందే, నేను మిషను తీసుకుని మధ్యాహ్నమే వచ్చేశాను. ఇక్కడ గది చిన్నదే, కిటికీ తెరిస్తే బస్సుల రొద. కానీ నాలుగు గోడలనీ తోసి చూశాను, ఒక్కటీ కదల్లేదు.”