జిల్లాకు నడిమిల్లు

పెన్‌పహాడ్‌ల బస్సులాగే కాడ సరిత టీ కొట్టు. పొద్దుగాల మిర్యాలగూడ బస్సు లేటయిందంటే బెంచి మీద కూసున్నోళ్ళకు మంగయ్య మాటలే నాష్టా. గొర్లను కొడుక్కు అప్పజెప్పినంక ఆయనకు గదొక్కటే పని. ఆ రోజు ఆటో నడిపే రాజ్‌కుమార్, తండా నుంచి రైసుమిల్లు పనికి పోయే రంగి ఉన్నరు.

"మల్ల సర్వేనట. ఇంటికెంతొస్తదని అడుగుతరట," అన్నడు రాజ్‌కుమార్ ఫోన్ సూసుకుంట.

"అడిగితె ఎవడు జెప్తడురా?" మంగయ్య గ్లాసు కింద వెట్టిండు. "గా లెక్క నన్నడగాలె. పోయినేడు పట్నం నుంచి కండ్లద్దాల సారు రాలేదా? జిల్లాల ఒక మామూలు ఇంటికి ఎంతొస్తది, పదేండ్లల్ల పెరిగిందా తరిగిందా తేల్చనీకొచ్చిండు. అందరి సంపాదన కలిపి, ఇండ్లతోని భాగించి, 'మీ వాడల ఇంటికో కారు కొనొచ్చు మంగయ్యా' అన్నడు. నేను నవ్విన. 'సారూ, అండ్ల మిల్లు సేటును గూడ కలిపినవ్. సేటొక్కడు బస్సెక్కితె బస్సుల ఉన్నోళ్ళంత సేట్లయితరా? మా మందల నడిమి గొర్రె కావాల్నంటె, చిన్నదాని నుంచి పెద్దదాని దాక వరుసగ నిలవెట్టి నట్టనడుమ దాన్ని వట్టుకుంటం. ఇండ్లను గూడ గట్లనే నిలవెట్టు' అన్న. సారు నా కాళ్ళు మొక్కవొయిండు."

"మొక్కిండా మామా?" అన్నది సరిత.

"మొక్కనిస్తనా? ఆ తర్వాత ఏమైందో తెలుసా? ముందుగాల మా వాడ నిలవెట్టిన. దానెనుక ఊరు, మండలం, ఇగ జిల్లా మొత్తం! ఇంటికొక మనిషి. ఉన్నోళ్ళు కోదాడ దిక్కు, లేనోళ్ళు హుజూర్‌నగర్ దిక్కు. లైను సూర్యాపేట హైవే ఎక్కేసరికి విజయవాడ బస్సులన్ని బంద్. జాగ సాలక దాని తోక పక్క జిల్లాల వడి, వేములపల్లి దాటి మిర్యాలగూడ మిల్లుల కాడ తేలింది."

"తాతా, ఉన్నోళ్ళ దిక్కు ఎవడు నిలవడతడే? అందరు లేనోళ్ళ దిక్కే ఉరుకుతరు గద!" అన్నడు రాజ్‌కుమార్.

"ఉరికిండ్రు బిడ్డా! రెండు ట్రాక్టర్లున్నోడు గూడ చినిగిన బనీనేసుకొని వచ్చిండు. నేనూకుంటనా? ఒక్కొక్కన్ని చెయ్యి వాసన సూసిన. పచ్చిపులుసు తిన్నోడు ఇటు, మటన్ తిన్నోడు అటు! సక్కగయింది లైను. పోయి నడిమింటి మీద చెయ్యేద్దునా, నడిమి జరిగిపాయె. గంత పొడుగు లైనుకు చాయ్ అమ్మినోడు పొద్దుమూకేసరికి ఊరికి ఊరును దాటి ముందుకొచ్చిండు. కాల్వకు నీళ్ళిడిసిండ్రని ఎవడో ఒర్లితె సగం లైను కోదాడ దిక్కు కదిలింది. ఒక ఇంట్ల సంపాయించే మనిషి మంచాన వడ్డడు. ఆ ఇల్లు నడిమి నుంచి తోక దాక జారుకుంట పోయింది, నా కండ్ల ముంగటనే. పట్టుకుందామంటె చెయ్యందలే."

మంగయ్య ఇంకో గుక్క చాయ్ తాగిండు. మల్ల గొంతు సవరించుకున్నడు.

"మరి పదేండ్ల కింద ఎట్లుండెనో అని అడిగిండు సారు. గదెంత పని? గొర్లను పిలిచినట్టు పిలిస్తె పదేండ్ల కిందటి లైను నడుసుకుంట వచ్చింది! రోడ్డుకు ఆ పక్క వాళ్ళు, ఈ పక్క మనం. పోయినోళ్ళు గూడ వచ్చిండ్రు. 'ఇప్పుడు కైకిలి కూలెంత?' అని అడిగిండ్రు. చెప్పినం. 'అబ్బో, గంతనా! ఇగ మీకేం బాధ?' అన్నరు. నూనె ధర జెప్తమా, ఇస్కూల్ ఫీజు జెప్తమా, దవాఖాన జెప్తమా? ఎదురెదురుంగ నిలవడి ఒకల్నొకలు సూసుకుంట ఉండిపోయిండ్రు."

అప్పటిదాక నోరు విప్పని రంగి తలెత్తింది.

"పోయినోళ్ళు గూడ వచ్చిండ్రంటివి గద అన్నా. మా ఆయన వచ్చిండా?"

రంగి మొగడు బాల్యా కాలం జేసి రెండేండ్లయితున్నది. సరిత పొయ్యి మంట తగ్గించింది.

మంగయ్యకు మొదటిసారి మాట తడవడ్డది. "వచ్చిండు చెల్లె. ఎందుకు రాడు? అందరి కన్న నట్టనడుమ నిలవడ్డడు. జిల్లాకు నడిమిల్లు మీదే."

రంగి మెల్లగ తల అడ్డంగ ఊపింది.

"నువ్వు సూడలే అన్నా. ఆ మనిషి ఏ లైన్ల నిలవడ్డడు గనుక? రేషన్ కాడ ఎనక ముసలోళ్ళుంటె 'నువ్వు పోయే' అని తన జాగిచ్చి ఎనక్కి పోతుండె. ఆఖరికి దుకాణం మూస్తుండ్రి, ఉత్త సంచి వట్టుకొని ఇంటికొస్తుండె. నేను తిడుతుంటి. గసొంటోడు నడుమ ఎట్ల నిలవడ్డడు?"

రాజ్‌కుమార్ నవ్వబోయి ఆగిండు. మంగయ్య తువ్వాలతోని మొకం తుడుసుకున్నడు, చానాసేపు.

"నిజమే చెల్లె," అన్నడు. "బాల్యా వచ్చుంటె అందరికి తన జాగిచ్చుకుంట పోతుండె, నాకు నడిమిల్లే దొరకకపోతుండె."