పెన్నలో కదలకుండా నిలబడినోళ్లు

పొద్దున పూట. ఎండ ఇప్పుడిప్పుడే మన ఊరి కోటగోడల మీద పడతాండాది, మబ్బు తునక లేదు, గాలి ఆడడం లేదు. ఆ, దాసన్న సంగతే కదా నువ్వడిగింది. కూర్చో పాపా, ఆ చాట ఇట్లియ్యి, రాళ్లేరుకుంటా చెప్తా. మీ నాయనకు చిన్నాయన, నాకు మరిది. నేను కాపరానికి వచ్చేటప్పటికే ఊరిడిచి పోయినాడు, మొగం చూడల్యా. మా అత్త సుబ్బక్క దగ్గర ఆయన పేరెత్తితే లేచి లోపలికి పోయేది. నాకు చెప్పిందంతా ఎదురింటి తిమ్మమ్మ. ఆ పొద్దు ఏట్లో ఉండిన మనిషి ఆమె.

తెల్లోళ్ల దొరతనం అప్పుడు. మనది మగ్గం ఇల్లు. మీ అబ్బ, అదే నా మొగుడు, మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకొని నేస్తాంటే, తమ్ముడు నల్లగుడ్డ కప్పుకొని వీధిలో నిలబడేవాడు. డోన్‌లో రైలు గార్డు ఎవరో తన పాత పోటోల పెట్టె ఇచ్చినాడంట. పెద్దోళ్లను కుర్చీల్లో కూర్చోబెట్టి తీసేది ఆయనకు గిట్టదు. మంగలి గడ్డం గీసేది, ఆడోళ్లు రాగులు విసిరేది, అట్లాంటివే. "సుబ్బక్కా, మా ఎనుము పేడేస్తాంటే నీ కొడుకు పోటో తీసినాడు, మల్ల దానికి పెండ్లి చూపులా" అని నవ్వేవాళ్లు. గింజల కొట్టు కిటికీకి తడి గోనె కట్టి, ఆ చీకట్లో గాజు పలకలు కడిగేవాడు. ఏవో మందులు, ఇల్లంతా పుల్లటి వాసన. వాటికోసం మా అత్త జొన్నలన్నీ నట్టింట్లో పోయించింది. కొడుకంటే అంత.

ఆ పెట్టెతో ఒక తంటా ఉండాది. మూత తీసినాక మళ్లా పెట్టేదాకా మనిషి కదలకూడదు. కదిలితే పొగ మాదిరి పడతారు. ఓబుళమ్మ ఒడ్లు దంచుతాంటే తీసినాడు. రోలుండాది, గోడుండాది, ఆయమ్మకు మొగం లేదు. ఆ నెలలోనే ఆమె బిడ్డకు జరమొచ్చింది. ఇంగ చూడు, పోటోలో మొగం తుడుచుకపోతే ఇంట్లో ఒకరు పోతారని వీధంతా పాకింది. బిడ్డకు బాగైంది గానీ ఆ మాట పోల్యా. దాసన్న నాలుగక్షరాలు చదివినోడు. అట్లేమీ కాదని చెప్పాల్సింది. చెప్పల్యా. పైగా దాన్నే పట్టుకొని బెదిరించేవాడు. "కదిలినారంటే మొగం పోతాది, తర్వాత నన్ననొద్దు" అని. అట్లంటేనే గుంజల మాదిరి నిలబడతారని ఆయన లెక్క. నిజమే, పోటోలు శానా బాగా పడినాయి అప్పట్నించి.

ముంగారు వానలకు ముందు పెన్న ఎట్లుంటాదో నీకు తెలుసు, ఇసుక తప్ప ఏమీ ఉండదు. ఆ ఇసుకలో గుంతలు తోడి, ఊరిన నీళ్లు చిప్పతో ముంచి కడవ నింపుకోవాల. పొద్దున ఏటవాలు ఎండలో అది పోటో తీయాలని ఆయన పట్టు. ఆడోళ్లెవరూ ఒప్పుకోల్యా, మొగాల భయం. మా అత్తే ఇంటింటికి పోయి బతిమాలింది. "నా కొడుకు నోరు తెరిచి అడిగినాడు. మీకేమన్నా అయితే నేనుండా" అనింది. నేనుండా అనింది, ఆ మాటే అనింది.

ఆమె మాట మీద నలుగురు పోయినారు, తిమ్మమ్మ, ఓబుళమ్మ, సుంకమ్మ, రంగన్న కోడలు. ఆ పిల్లకు అప్పుడే నెల తప్పింది. గుంత చుట్టూ నిలబెట్టి, "నేను చాలు అనేదాకా కదలొద్దు" అని దాసన్న గుడ్డలో తల దూర్చినాడు. పైన యాడనో రాత్రి వాన పడింది, ఈడ ఎవరికి తెలుసు? లోయలోంచి బండ్లు వస్తాండినట్ల సద్దు. నలుగురూ విన్యారు. ఏటి ఒడ్డున పుట్టినోళ్లు, అది ఏమి సద్దో తెలుసు. అయినా కదల్యా. ఓబుళమ్మ పెదిమలు కదపకుండా "ఏమే, ఏరొస్తాంది" అనిందంట. "ఆయప్ప చాలు అనల్యా కదే" అని సుంకమ్మ, అదీ పళ్ల సందులోనే. "నా బిడ్డలు గుర్తొచ్చినారు, ఎట్ల కదిలేది" అనేది తిమ్మమ్మ, నాకు చెప్పేటప్పుడు.

దాసన్న గుడ్డ తీసి చూసినాడు. ఎర్రనీళ్లు కంపచెట్లను తోసుకుంటా వస్తాండాయి. పెట్టె ఎత్తి రొమ్ముకు కరుచుకొని గట్టుకు ఉరికినాడు. చాలు అనల్యా. ఆ ఒక్క మాట అనల్యా పాపా. గట్టు మీద గాడిదను తోలుకొని పోతాండిన చాకలి మారెన్న చూసినాడు. "మొగాలు పోతే పోనీ, రండమ్మా" అని అరుచుకుంటా ఇసుకలోకి దిగి, ఒక్కొక్కరినీ జబ్బ పట్టి లాగినాడు.

మా అత్త వాకిట్లో నూలు కండెలు చుడతాంది. ఏరొచ్చిందని కేకలు అప్పటికే ఇనబడినాయి. అంతలో కొడుకొచ్చినాడు. పంచె కూడా తడవల్యా. ఆయన్ను చూడంగానే ఆమె కడుపు చల్లబడింది. పడదా, తల్లి కదా. "వాళ్లేరి రా?" అని అడిగింది. ఆయన పెట్టె కింద పెట్టి, తడిమి చూసుకొని, "పలక పగల్లేదు మా" అన్నాడు.

ఆమె కండె ఆన్నే పడేసి, కొంగు మొగం మీదికి లాక్కొని వీధి మొగదల్లో నిలబడింది. సుంకమ్మ వచ్చింది, తొడల దాకా బురద, కడవ లేదు. ఓబుళమ్మ వచ్చింది. మారెన్న చెయ్యి పట్టుకొని రంగన్న కోడలు వచ్చింది. తిమ్మమ్మ అందరికన్నా ఎనక. ఒకరన్నా తిడితే బాగుండు. మా అత్త తిమ్మమ్మ చెయ్యి గట్టిగా పట్టుకొని, వచ్చినోళ్ల లెక్క మళ్లా మొదట్నించి ఎత్తుకునిందంట. సుంకమ్మ వచ్చింది, ఓబుళమ్మ వచ్చింది, రంగన్న కోడలొచ్చింది, నువ్వొచ్చినావు, మారెన్న వచ్చినాడు. "మీ దాసన్నో, అక్కా?" అనింది తిమ్మమ్మ. మా అత్త ఆమె పక్క చూడల్యా. సుంకమ్మ వచ్చింది, అనింది. ఓబుళమ్మ వచ్చింది.