తాళం పడ్డ ఇంటి ముందు జవాబుల బాబాయి

“అబద్ధం చెబితే పైవాడు చూస్తూ ఊరుకోడని భయం ఉన్నవాణ్ణి నేను. అందుకే జరిగినదాంట్లో సగమే చెబుతాను. మొత్తం చెబితే మీరే నమ్మరు.”

జవాబుల బాబాయి పై మెట్టు మీద దర్జాగా కూర్చుని ఇలా మొదలుపెట్టేసరికి, ఆయన వెనక ఇంటి తలుపు మూసుకుని ఉంది. లోపల కుళాయి పారుతూ ఉంది.

జరిగిందేమిటంటే, పిన్ని కుట్టుపని చేస్తుంది. మధ్యగదిలో నేల మీద దుప్పటి పరిచి, దాని మీద ఒక పెళ్ళికూతురి బట్టలు పరుచుకుని అంచు కుడుతోంది. సాయంత్రం పెళ్ళివాళ్ళొచ్చి పట్టుకెళ్ళాలి. వంటింట్లో డ్రమ్ములోకి గొట్టం పెట్టి కుళాయి తిప్పింది. అప్పుడే బాబాయి అన్నానికని తన కళ్ళజోళ్ళ దుకాణం నుంచి వచ్చి, గడపలోంచే “ఏమే, ఓసారి ఇలా వచ్చి నా జవాబు చూడు, ఎంతమంది మెచ్చుకున్నారో!” అని పిలిచాడు. ఆవిడ బయటికొచ్చింది. గాలికి తలుపు ధడాలున పడింది. తాళంచెవి లేందే బయటినుంచి తెరుచుకోని తలుపు అది.

“తాళంచెవి రాగానే లోపల మేకుకి తగిలించాను. ఒట్టు!” అన్నాడు బాబాయి.

“మరి మిద్దె మీదికెళ్ళి ట్యాంకు దగ్గర నీళ్ళు ఆపేద్దామా?” అన్నాన్నేను. పక్కవాటా నాది.

“మిద్దె తాళంచెవి కూడా ఆ మేకుకే ఉంది. ఈ ఇంటికి పెద్దదిక్కుని నేనే కదా!”

తాళాలు బాగుచేసే అతనికి ఫోన్ చేస్తే, “బయలుదేరానండీ, వచ్చేస్తున్నా” అన్నాడు. అదిగో, ఆ ఖాళీలో బాబాయి నోరు తెరుచుకుంది. ముందు చెప్పాలిగా, ఆయన ఫోన్లో ఒక చోట లోకంలో ఎవరైనా ఏదైనా అడగొచ్చు, ఎవరైనా జవాబు చెప్పొచ్చు. అక్కడ ఎవరికీ పేరుండదు, ఊరుండదు. దుకాణంలో ఒకాయన అద్దాల కోసం ఎదురుచూస్తుంటే, ఈయన ఇంకెక్కడో ఎవరికో జవాబిస్తూ ఉంటాడు.

“మొదట చిన్నదే. ఉల్లిపాయలు కోస్తుంటే కళ్ళు మండుతున్నాయి, ఏం చెయ్యాలని ఒకావిడ అడిగింది. ‘ఇంకొకరి చేత కోయించు తల్లీ’ అన్నాను. అంతే! ఆవిడ వాళ్ళాయనకిచ్చింది, ఆయన వాళ్ళ తమ్ముడికిచ్చాడు, తమ్ముడు పక్కింటికిచ్చాడు. ఆ ఉల్లిపాయ ఇప్పటికీ తిరుగుతూనే ఉంది, ఎవరూ కొయ్యలేదు. ఆ దేశంలో ఏడుపన్నదే లేదు.”

“పోనీ కూరైనా వండుకున్నారా బావా?” అన్నాడు బస్సు డ్రైవరు. పిన్నికి స్వయానా తమ్ముడు.

“మధ్యలో అడ్డు రాకురా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఇంకొకావిడ అడిగింది, మా పిల్లి నన్నెందుకు అలా చూస్తోందని. ఎలా చూస్తోందమ్మా అన్నాను. ఫోటో పంపింది. కళ్ళ పని చేసి బతుకుతున్నవాణ్ణి, నాకు తెలీదూ? పిల్లికి దగ్గరి చూపు మందగించింది. కొలతలు చెప్పాను, జోడు చేయించింది. వారం తిరక్కుండా పిల్లి పేపరు చదవడం మొదలెట్టింది. ఇప్పుడా పిల్లే నాకు ప్రశ్నలు పంపుతోంది. ‘అయ్యా, ఈవిడ నన్నెందుకు అలా చూస్తోంది?’ అని!”

“ఏమండీ,” అంది పిన్ని, తలుపుకి చెవి ఆనించి. “డ్రమ్ము నిండిపోయింది. నీళ్ళు నేల మీద పడుతున్న చప్పుడు.”

“తాళాలతను వస్తాడే, వస్తాడు. పైవాడున్నాడు. ఆ తర్వాత వినండి, ఇంటికొచ్చిన చుట్టాలు వెళ్ళడం లేదు, ఏం చెయ్యాలని ఒకతను బావురుమన్నాడు. ‘వాళ్ళు మీ ఇంట్లో ఉన్నారంటే వాళ్ళిల్లు ఖాళీయే కదయ్యా, నువ్వు వెళ్ళి అక్కడుండు’ అన్నాను. వెళ్ళాడు. తీరా చూస్తే అక్కడ ఇంకెవరి చుట్టాలో దిగి ఉన్నారు! వాళ్ళింటికి పోయాడు, అక్కడా అంతే. దాన్ని చూసి ఊరంతా అదే పని. ఇవాళ ఆ ఊళ్ళో ఒక్కడంటే ఒక్కడు సొంతింట్లో లేడు. ఉత్తరాలిచ్చే అతను ఉత్తరాలు నడిరోడ్డు మీద పెట్టి, ‘ఎవరివి వాళ్ళు ఏరుకోండి నాయనా’ అని దణ్ణం పెట్టి పోతున్నాడు.”

“సొంతింట్లోకి పోలేకపోవడం గురించి మీరే చెప్పాలి బాబాయ్,” అంది పై వాటా నర్సమ్మ, డ్యూటీకి బయలుదేరుతూ ఆగి.

అప్పటికి గడప కింద నుంచి సన్నటి నీటిధార బయటికొచ్చింది. పిన్ని గుండె మీద చెయ్యేసుకుంది. “వంటిల్లు దాటేసింది! మధ్యగదిలోకొచ్చిందంటే ఆ పిల్ల పెళ్ళిబట్టలు... ఏమండీ, జేబులు ఇంకోసారి చూసుకోండి.”

“మేకుకి తగిలించానంటే వినవేం? నా జ్ఞాపకశక్తి మీద నీకు నమ్మకం లేదా?” అని బాబాయి పక్కకి జరిగాడు, నీళ్ళు తగలకుండా. లేవలేదు. “ఎక్కడున్నాను? ఆఁ, ఓడ. సముద్రం మధ్యలోంచి ఓడ నడిపే పెద్దాయన అడిగాడు, ఎక్కిళ్ళు ఆగడం లేదయ్యా అని. ఎక్కిళ్ళు వచ్చినప్పుడల్లా చుక్కాని చెయ్యి జారి, ఓడ ఎడమకోసారి కుడికోసారి. చేపలకి కళ్ళు తిరిగి ఒడ్డుకొచ్చి పడుకుంటున్నాయి! ఎక్కిళ్ళకి మందు బెదురే కదా. ‘వెనక్కి తిరిగి చూడండి, మీ ఆవిడ ఓడ ఎక్కింది’ అని రాశాను. ఎక్కిళ్ళు ఠక్కున ఆగిపోయాయి. ఎంత ఠక్కునంటే, ఓడ కూడా ఆగిపోయింది. సముద్రం మాత్రం ఆ ఊపులో ముందుకెళ్ళిపోయింది!”

“సముద్రమా?”

“సముద్రమే. వెనక్కి పిలిపించడానికి నా తల ప్రాణం తోకకొచ్చింది.”

పిన్ని ఇక వినలేదు. “ఈయన్ని నమ్ముకునే కంటే దారినపోయేవాణ్ణి అడగడం నయం” అని గొణుక్కుంటూ, చీరకొంగుతో కళ్ళొత్తుకుని, కింది మెట్టు మీద కూర్చుని తన ఫోన్ తీసి ఏదో గబగబా రాయడం మొదలెట్టింది.

“అసలుది ఇప్పుడు వినండి,” అన్నాడు బాబాయి, గొంతు తగ్గించి, రెండు చేతులూ జోడించి. “ఒకరోజు తెల్లారుజామున పూజ చేసుకుని ఫోన్ తీశానా, ఒక ప్రశ్న. అడిగినవారి బొమ్మ ఉండాల్సిన చోట ఖాళీ ఆకాశం. ‘పెద్ద పని ఒకటి చేశాను. అన్నీ బిగించాను, బాగానే తిరుగుతోంది. తీరా చూస్తే ఒక మరమేకు మిగిలిపోయింది. ఎక్కడిదో తెలియడం లేదు, ఏం చెయ్యను?’ అని. నాకు ఒళ్ళు జలదరించింది. స్వామి! సాక్షాత్తూ! సృష్టి చేసి, చివర్న ఒక మర మిగిలితే, అడగడానికి నేను తప్ప ఎవరూ దొరకలేదు ఆయనకి!”

“మీరేమన్నారు?” అన్నాన్నేను. నా పాదాలు అప్పటికే తడిసిపోయాయి.

“‘ఒక డబ్బాలో వేసి ఉంచు స్వామీ, ఎప్పుడో పనికొస్తుంది’ అన్నాను. వెంటనే బయట ఒక్క ఉరుము! కృతజ్ఞత చెప్పాడన్నమాట.”

“ఆ మర ఎవరి తలలోదో నాకు తెలుసు,” అంది పిన్ని, ఫోన్లోంచి తలెత్తకుండానే.

అంతలో బాబాయి ఫోన్ టింగుమంది. కళ్ళజోడు ముక్కు మీదికి దించుకుని చదివాడు. ముఖం వెలిగిపోయింది.

“చూశారా? మాటల్లోనే ఒకటి! ఎవరో ఇల్లాలు, పాపం. తలుపు మూసుకుపోయిందట, లోపల కుళాయి పారుతోందట, వాళ్ళాయనేమో తాళంచెవి లోపలే ఉందని ఒట్టేసి కూర్చున్నాడట.”

నర్సమ్మ నా వైపు చూసింది. నేను డ్రైవరు వైపు చూశాను. డ్రైవరు నోరు తెరవబోతే నర్సమ్మ అతని కాలు తొక్కింది.

“ఎలాంటి మొగుళ్ళుంటారో చూడండి లోకంలో!” అని బాబాయి నాలుక చప్పరించి, బొటనవేళ్ళు రెండూ ఆడిస్తూ రాసి పంపాడు. “నాకిది ఎడమచేతి పని.”

కింది మెట్టు మీద పిన్ని ఫోన్ టింగుమంది.

ఆవిడ లేచి నిలబడింది. “ఎవరో మహానుభావుడు జవాబిచ్చాడు, అందరూ వినండి,” అని పైకి చదివింది. “‘తల్లీ, ఒట్టేసే మగాణ్ణి అస్సలు నమ్మకు. తాళంచెవి మేకుకీ లేదు, గోడకీ లేదు. ఆ పెద్దమనిషిని లేపి నిలబెట్టు. వెనక జేబు చూడు. ఇలాంటివాళ్ళు దాని మీదే కూర్చుని కోతలు కోస్తుంటారు.’”

బాబాయి తన ఫోన్ చూసుకున్నాడు. పిన్నిని చూశాడు. మళ్ళీ ఫోన్ చూసుకున్నాడు.

“ఎవరో తెలిసినవాడిలాగే రాశాడు,” అన్నాడు చివరికి, చిన్న గొంతుతో.

“లే బావా,” అన్నాడు డ్రైవరు.

లేచాడు. వెనక జేబులో చెయ్యి పెట్టాడు. చెయ్యి అక్కడే ఉండిపోయింది. నర్సమ్మ ఆ చేతిని పట్టి బయటికి లాగితే, రెండు తాళంచెవులూ ఒకే రింగుకి వేలాడుతూ గలగలలాడాయి.

పిన్ని లాక్కుని తలుపు తీసింది. మేమంతా వెంట పరుగెత్తాం. నీళ్ళు గోడవారగా గడప వైపు పారుతూనే, మరోపక్క దుప్పటి అంచు దాకా వచ్చాయి. అంచు తడిసింది. దేవుడి దయ, పెళ్ళిబట్టలు తడవలేదు. పిన్ని వాటిని రెండు చేతులా ఎత్తి గుండెకి హత్తుకుని, ఏడుస్తూ నవ్వింది. నేను కుళాయి కట్టేశాను. డ్రైవరు చీపురందుకున్నాడు.

బాబాయి గుమ్మంలోనే నిలబడి గొంతు సవరించుకున్నాడు. “ఏమైనా, జవాబు తప్పిందా? నా జవాబు ఎప్పుడైనా తప్పిందా?”

పిన్ని బట్టలు మంచం మీద జాగ్రత్తగా పరిచి, ఫోన్ తీసి ఒక్క వాక్యం రాసింది.

గుమ్మంలో టింగుమంది. బాబాయి పైకి చదవలేదు. ఆయన భుజం మీదుగా వంగి నర్సమ్మే చదివింది.

“‘తాళంచెవి దొరికింది, కృతజ్ఞతలు. దాని మీద కూర్చున్నాయన కూడా దొరికాడు. ఆయన్నేం చేసుకోవాలో ఇంకెవరైనా చెప్పగలరా?’”