ఏ ఊరి కూలి

నర్సీపట్నంలో ఆ రోజు రోడ్డు పని ముగిసింది. కూలి అందుకున్న కృష్ణదేవిపేట మనిషి, తనతోపాటే కంకర మోసిన టౌను ఆవిడను అడిగింది.

“అప్పా, నీకు డెబ్బై ఇచ్చి నాకు యాభై ఇచ్చారేటి?”

“మేస్త్రీగారు మనిషి ఊరు సూసి ఇస్తారట సెల్లీ. మీ ఊరి రేటు యాభయ్యే గదా.”

“మరి పోయిన వారం మా ఊర్లో మోసినప్పుడు నీకూ యాభయ్యే ఇచ్చారు గదా?”

“అప్పుడు పని జరిగిన ఊరు సూసేరట.”

కృష్ణదేవిపేట మనిషి తట్ట బోర్లించి దానిమీద కూర్చుంది. ఎటు తిప్పి ఆలోచించినా బుర్రకెక్కడం లేదు.

“అయితే డెబ్బై రావాలంటే ఏటి సెయ్యాలప్పా?”

“నర్సీపట్నంలో పుట్టి, నర్సీపట్నంలోనే మొయ్యాలి.”

“మాయమ్మ నన్ను కన్నది ఇక్కడి పెద్దాసుపత్రిలోనే. ఆ ముక్క మేస్త్రీగారికి సెప్పమంటావా?”