మంచు మీద పొగ లేసిన ఆట

"పెద్దబాపూ, నువ్వు మంచు మీద బండి నడిపినవట గద, ఆ టీం ముచ్చట చెప్పు" అంటున్నవా? ఇప్పుడెందుకే బిడ్డా అది. ఫోన్ల రికార్డ్ గూడ పెట్టినవా? సరే తియ్యి, చాయ్ వచ్చేదాంక చెప్త. నేను దుబాయ్ల ఈ సత్వా బస్తీల దిగిననాడు చాయ్ అర్ధ దిర్హం. అర్ధ కాదు... ఆగు, అర్ధనే. దిర్హం అని మీ బాపు వాదిస్తడు గని, ఆయనకేమెరుక, ఆయన నా ఎనుక ఆరేండ్లకు వచ్చిండు.

ఐస్ హాకీ అంటె ఏం లేదు బిడ్డా. కాళ్లకు కత్తులసొంటి బూట్లు కట్టుకొని, చేతుల వంకర కట్టె పట్టుకొని, మంచు మీద ఒక నల్లటి బిళ్లను కొడుతుంటరు. బిళ్లకంటె మనుషులనే ఎక్కువ కొడుతరు. నా పని ఆ మంచును సాపు జేసుడు. ఆట మధ్యల ఆపినప్పుడల్ల బండెక్కి, గీతలు పడ్డ మంచును గీకి, పైన వేడినీళ్లు పొయ్యాలె. అవునే, వేడియే. సల్లనీళ్లు పోస్తె గాలి బుగ్గలు నిలుస్తయ్, మంచు గట్టిగుండది. మీ పెద్దమ్మకు ఫోన్ల చెప్తె నమ్మలే. నెత్తి పలిగే ఎండల మంచు జేసుడేంది, తాగినవా అన్నది.

కరోనా పోయినంక ఒక పెద్ద సేటు రష్యా నుంచి, కెనడా నుంచి మనుషులను తెచ్చి టీం పెట్టిండు. అంతకుముందు మా రింకుల, అదే ఆ మంచు మైదానంల, సెలవు రోజు సరదాకు ఆడుకునేటోళ్లే. జీతాలిచ్చి ఆడిపిచ్చుడు మా దగ్గర అదే మొదలు. మొదటేడు గద, చూసెటోళ్లు లేకుండె. వెయ్యి కుర్చీలుంటె యాభై మంది గూడ లేరు. ఆటగాళ్లకు పాపం మనసెట్ల వస్తది? మా ముదీర్, అదే మేనేజర్, ఏం జేసిండంటె, సోనాపూర్ క్యాంపులకెల్లి బస్సులల్ల కూలోళ్లను తెచ్చి కూసోవెట్టిండు. టికెట్ లేదు, పైనుంచి ఒక బిర్యాని ప్యాకెట్. ఆట తెల్వకున్నా మనోళ్లు మస్తు చప్పట్లు కొట్టిరి. అసలు బిళ్ల ఏ దిక్కు పోవాల్నో గూడ ఎరుకలేదు వాళ్లకు.

బహదూర్ ముచ్చట చెప్పలే గద. నేపాలీ. గాలిలకెల్లి తేమ గుంజే మిషన్ ఒకటుండె, అది ఆయన చూసుకునేది. దాంతోని చానా పని బిడ్డా. బయటి ఉక్కపోత గాలి లోపలికొస్తె మంచు మీద పొగ లేస్తది. అందుకే మా ఎనుక దిక్కు రెండు తలుపులు పెట్టిరి. ఒకటి మూసినంకనే ఇంకోటి తియ్యాలె. అది మాకు నేర్పిన మొదటి కాయిదా. బహదూర్, నేను రెండేండ్లు ఒక్క గిన్నెల వండుకొని తిన్నం. నాకు జ్వరమొస్తె నా డ్యూటీ గూడ ఆయనే జేసిండు.

ఇగ ఆ ఏడు చివరికొచ్చింది. ఒక్క ఆట గెలిస్తె ఫైనల్. ఫైనలొస్తె సేటు ఇంకో ఏడు టీం నడుపుతనన్నడు, లేకుంటె ఖలాస్. మా కొలువులు గూడ దాని మీదనే. ఆనాడు ఎవరో పెద్దోళ్లు వస్తున్నరని ముంగట దర్వాజ కాడ క్యాంపోళ్లను ఆపిరి. ఎనుకకు పొమ్మన్నరు. నేను గీకిన మంచు పారబోసెతందుకు ఎనుకకు పోయిన. చూస్తె నూరు మంది నిలబడ్డరు. పొద్దంత పనిజేసి వచ్చిండ్రు, అంగీలు పెయ్యికి అతుక్కపోయినయ్. నేను పారబోసిన మంచు కోసం ఎగబడి మెడలకు రాసుకుంటున్నరు. అండ్ల మన జగిత్యాల దిక్కోళ్లు నలుగురున్నరు. "కాకా, జర సల్లగాలన్న రానియ్యి" అన్నరు. నాకు పానం ఆగలే. రెండు తలుపులు తీసి, మూసుకపోకుంట రబ్బరు దిమ్మెలు పెట్టిన. ఐదు నిమిషాలే గద అనుకున్న. ఇంతల ముదీర్ పిలిచిండు, పోయిన. మర్చిపోయిన.

ఆట మొదలైన కొద్దిసేపటికి మంచు మీద తెల్లగ పొగ లేసింది. మోకాళ్ల దాంక, నడుముల దాంక. బిళ్ల కనవడ్తలేదు. రిఫరీ ఆపిండు. ఆటగాళ్లందరు తువ్వాలలు ఊపుకుంట గుండ్రంగ తిరిగిండ్రు, పొగ పోవాలని. రెండు టీములోళ్లు కలిసి తిరిగిండ్రు బిడ్డా, చూస్తె నా కండ్లళ్ల నీళ్లొచ్చినయ్. నేను ఎనుకకు ఉరికి తలుపులు మూసిన, దిమ్మెలు బయటికి ఇసిరేసిన. అయినా పొగ తగ్గలే. మూడుసార్లు ఆపిండ్రు. చివరికి రింకు సరిగ్గ లేదని మనోళ్లు ఓడినట్టు రాసిండ్రు. ఆటగాళ్లు బూట్లు ఇప్పి సంచులల్ల ఏసుకొని పోయిరి.

ముదీర్ వచ్చి బహదూర్‌ను అడిగిండు. మిషన్ ఎయ్యలేదు నువ్వు, అన్నడు. బహదూరేమొ "చాలూ కియా థా సాబ్, చాలూ కియా థా", ఏసిన సాబ్ ఏసిన అని ఒక్కటే తీర్గ చెప్తుండు. నేను పక్కనే ఉన్న. నోరు ఇప్పలే. ఎందుకంటె ఏం చెప్పాలె? కరోనాల పది నెలలు పని లేకుంట ఇంటికాడ కూసున్న. అరవైకి దగ్గరవడ్డ. ఇప్పుడు కాన్సల్ జేస్తె మల్ల నాకు వీసా ఎవలిస్తరు? ఈ లెక్కనే నెత్తిల తిరిగింది. వారం తిరగకముందే బహదూర్‌ను నేపాల్‌కు పంపిచ్చిండ్రు. టీం గూడ పోయింది. నేను మాత్రం ఆడనే ఉన్న, పోరగాండ్లు పుట్టినరోజులకు వస్తే వాళ్ల కోసం మంచు సాపు జేసుకుంట. అలిసిపోయిన బిడ్డా. పని జేసి కాదు.

బహదూర్ ఇప్పటికీ ఫోన్ జేస్తడు. మొదట్ల "భాయ్, నేను మిషన్ ఏసిన, నీకెరుక గద" అనేటోడు. ఏడాది పోయినంక "ఏసిననే అనుకుంటున్న" అన్నడు. మొన్న చేసి ఏమన్నడో ఎరుకనా? "గంగారాం భాయ్, బాగ యాది జేసుకున్న, ఆనాడు నేను ఏసినట్టు లేదు. నాతోనే అందరి బతుకులు పోయినయ్, నన్ను మాఫ్ చెయ్యి" అన్నడు. నన్ను మాఫీ అడుగుతుండు! నేను ఫోన్ పెట్టేసిన.

ఏందే, గట్ల చూస్తున్నవ్? ఇప్పుడే ఫోన్ జేసి చెప్పాల్నా? ఆయన ఇప్పుడు పొలం కాడుంటడు... ఏమో, ఇంటికి గూడ వచ్చిండొచ్చు. నేపాల్ల టైం మనకంటె ముందు గద. చాయ్ సల్లారిపాయె చూడు.

ఇగో, 'బహదూర్' అని ఉన్నది, నువ్వే కలుపు. రింగైతుందా? ఇయ్యి ఇటు. నువ్వు లేసి పోకు బిడ్డా, నీ కడుపు సల్లగుండ, నా పక్కన్నే కూసో... హలో, బహదూర్... ఆ, నేనే... ఇను, మధ్యల మాట్లాడకు, జర ఇను...