గచ్చుకు రెండు వేళ్ళ ఎడంగా

1990 సెప్టెంబరు, అబూ హలీఫా. ఇంటివాళ్ళు సెలవులకు లండన్ పోయి ఉండగా ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చింది. ఇప్పుడు ఆ ఇంట్లో ఒక ఇరాకీ అధికారి ఉంటున్నాడు. అతని కారుకు నీడ వేయడానికి గ్యారేజీ పక్కన నాలుగు ఇనుప స్తంభాలు పాతాలి. ఆ పనికి పట్టుకొచ్చిన మేస్త్రి సూరిబాబు. పనిమనిషి వెంకటేశ్వరి అతనికి చాయ్ తెచ్చింది.

"ఆపు. ఆపన్నా! ఆ కమ్మీ యాడ దూరుస్తాండావు?"

"గచ్చులోకి. కనపడతల్లేదా?"

"బంగారట్లాంటి గ్యారేజీ గచ్చుకు బెజ్జం కొట్టి, స్తంభం కమ్మీ దాంట్లోకి దూరుస్తావా? నువ్వు మేస్త్రివేనా?"

"అర్దియాలో సగం గోడలు నేను లేపినయ్యే. చాయ్ అక్కడెట్టి ఎల్లు, సెల్లెమ్మా. గేటు కాడ తుపాకోడు మనెంకే సూత్తన్నాడు."

"చూడనీ. వానికి తెలుగొస్తాదా ఏంది? ఏం నాయనా, గుడ్లగూబ మాదిరి కండ్లు పెట్టుకోని చూస్తాండావే? జైన్, జైన్! నీకూ తెస్తా చాయ్, ఉండు! చూసినావా అన్నా, వాళ్ళ మాటలో బాగుంది అంటే చాలు, తలకాయ ఊపుతాండాడు."

"నవ్వుతా తిడతావేంటి, నీ దుంపతెగ! నీ మూలాన ఆడు నన్ను కాలుత్తాడు."

"మాట మార్చొద్దు. ఈ గుంత చూడు, మోకాలు లోతు కూడా లేదు. పైన వెడల్పు, కింద సన్నం. అడుగున కంకర లేదు. ఇది చౌడు నేల. రవ్వంత తీసి నాలిక మింద పెట్టుకో, తెలుస్తాది."

"నాకు తెలవదేంటి? సముద్రం అల్లక్కడే. ఉప్పు కాక పంచదారుంటాదా?"

"తెలిసీ ఇట్ల చేస్తాండావా?"

"తెలిసే."

"తెలిసే అంటే?"

"గట్టిగా అరవకు. ఇలా రా. కప్పు తీసుకుంటున్నట్టు వొంగు. ఇను. నేనో చలిదేశం ఇంజనీరు కింద పన్చేశాను. ఆళ్ళ దేశంలో చలికాలం నేల్లో నీళ్ళు గడ్డకట్టి, పొంగి, పాతిన స్తంభాన్ని పైకి తోసేత్తాయంట. ఇక్కడ మంచు లేదు, ఉప్పుంది. ఇదీ అదే పని సేత్తాది. నాలుగు చినుకులు పడి, ఆ తడి ఆరేటప్పుడు ఉప్పు పొంగుతాది. కాంక్రీటు పైన వెడల్పుగా ఉందనుకో, గొడుగు కింద చెయ్యెట్టి ఎత్తినట్టు ఎత్తేత్తాది. కమ్మీ గచ్చులో ఉందిగా, స్తంభంతో పాటు గచ్చూ లేత్తాది. గచ్చు లేచిందా, గ్యారేజీ తలుపు బిగుసుకుపోద్ది. లోపలేమో ఆడి కారు!"

"అది మామా కారు, ఈ ఇంటి యజమానమ్మది."

"ఎవరిదైతేనేం, ఎక్కి తిరిగేది ఆడేగా. నా చేతిలో తుపాకీ లేదు, తాపీ ఉంది. తాపీ ఉన్నోడు సెయ్యగలిగింది ఇదే. ఎలాగుంది?"

"బాగలేదు."

"బాగలేదా!"

"ఏం బాగలేదు. చలికాలం దాకా వాడు ఈడ ఉంటాడని నీకెవరు చెప్పినారు?"

"ఉండకేం సేత్తాడు? ఊళ్ళ పేర్లు మార్చేత్తన్నారు, కార్ల నెంబర్లు మార్చేత్తన్నారు. ఇంక ఇది ఆళ్ళ దేశమేనంట. ఫర్వానియాలో మా రూములో అందరూ అదే మాట."

"నువ్వూ ఒప్పుకున్నావు."

"నేనెక్కడ ఒప్పుకున్నాను? నేను ఆణ్ణి దెబ్బకొడదామని సూత్తంటే..."

"చలికాలంలో వాని కారు ఇరుక్కుంటాదని గచ్చు చెడగొడతాండావు. అంటే చలికాలానికి కూడా ఈ గచ్చు వానిదే అని రాసిచ్చినట్టు. అది చెడిపోయేసరికి వాడు ఉండడు. తలుపు తెరవలేక తిప్పలుపడేది ఎవరు?"

"నువ్వేటి, ఇల్లు నీదన్నట్టు మాటాడతావు? మీ మామా నిన్ను కావలికుక్కలాగ ఇక్కడ వదిలేసి ఎల్లిపోయింది. ఆవిడ కోసమా ఈ గోల?"

"మామా దేవతని నేను చెప్పలా. నోరు పెద్దది. ఒకసారి చెప్పు కూడా విసిరింది. వచ్చినాక ఆ సంగతి అడిగేది ఉండాది నాకు. అడగాలంటే ఆయమ్మ రావాల గదా! కానీ ఈ గచ్చు నాది."

"నీదా?"

"నాదే. దినామూ తెల్లారి కడిగేది నేను. ఆ మూలన నూనె మరక ఉండె. మోకాళ్ళ మింద కూకోని, తోలు లేచిపోయేదాకా రుద్ది పోగొట్టినా. వాడు బూట్లతో తొక్కినాడు, కడుక్కున్నా. రేపూ తొక్కుతాడు, రేపూ కడుక్కుంటా. నువ్వు పగలగొడితే ఎట్ల కడుక్కోవాల?"

"ఓర్నాయనో! గచ్చు కడిగితే గచ్చు నీదైపోద్దా? అలాగైతే అర్దియా సగం నాది."

"నీదే. ఎవరు కాదన్నారు? కమ్మీ బయటికి లాగు."

"సెల్లెమ్మా, మరి బస్సో?"

"తెలుసు."

"ఏం తెలుసు? పొద్దు వాలాక అసర్ నమాజుకి నాలుగు స్తంభాలూ నిలబడి ఉండాలన్నాడు ఆ ఆపీసరు. నిలబడితే మనిద్దరికీ పాస్ కాగితాలు. అవి చెక్‌పోస్టులో చూపించి ఈ సాయంత్రం బస్సెక్కడం. బాగ్దాదు, అక్కణ్ణించి అమ్మాను, అమ్మాన్లో మన ఇండియా ఇమానం. సంతకాలు పెట్టి, కాగితాలు ఆ గేటోడి చేతికిచ్చి, ఆడు బస్రా ఎల్లిపోయాడు. మళ్ళీ ఎప్పుడొత్తాడో, వచ్చినోడు మళ్ళీ ఇత్తాడో లేదో. ఆడి బుద్ధి ఎవరికి తెలుసు?"

"తెలుసన్నా గదా."

"నువ్వన్నట్టు సెయ్యాలంటే నడుం లోతు తవ్వాలి. అడుగున కంకర పొయ్యాలి. ఉప్పు పట్టు దొరక్కుండా కాంక్రీటు చుట్టూ తారు కాగితం పెట్టాలి. గచ్చుకీ దానికీ రెండు వేళ్ళ ఎడం వదిలి, మధ్యన థర్మోకోలు దూర్చాలి. ఇలాంటివి నాలుగు! ఇవాళ అవ్వదు. ఊళ్ళో నా పెళ్ళాం బుల్లెమ్మకి నేను బతికున్నానో లేదో కూడా తెలవదు. ఉత్తరం ఎల్లదు, ఫోను మోగదు. నేను ఎల్లాలి, సెల్లెమ్మా."

"నువ్వు పో. నిన్ను పోవద్దని ఎవరన్నారు? నేను రాను."

"రావా!"

"మా ఊర్లో చౌడుమింద పందిరి గుంజలు పాతేటప్పుడు మా నాయన పక్కన నిలబడి చూసినా. కింద కుండ కడుపు మాదిరి, పైన కుండ మూతి మాదిరి తొవ్వుతాడు. మన్ను పట్టుకోకుండా గుంజకు ఈతాకు చుడతాడు. నువ్వు తారు కాగితం అంటాండావు, ఆపాటిదే గదా. పార ఇట్లియ్యి."

"మీ గొర్రెల దొడ్డికి పాతినట్టు కాదమ్మా ఇది, ఇనప స్తంభం! ఇయ్యను."

"ఇయ్యన్నా."

"పార వొదులు. వొదలమంటంటే! ఆడు సూత్తన్నాడు."

"చూడనీ. కొట్టుకుంటాండాం అనుకుంటాడు. నువ్వు వొదులు!"

"మొండిముండ... సరే, తవ్వు. తవ్వు సూద్దాం. అలా కాదు. అలా కాదంటే! ఎగుడుదిగుడు కొట్టకు, పక్కలు గరుకైతే ఉప్పు అక్కడే పట్టుకుంటాది. నున్నగా చెక్కాలి. తప్పుకో, చూపిత్తాను. ఒక్క గుంత. ఆపైన నీ ఖర్మ."

"చూపీ."

"సూడు. పార మొన కిందికి. గోడ చెక్కినట్టు. కిందికెల్లే కొద్దీ గోడలోకి తినాలి, అడుగు ఎడల్పవ్వాలి."

"ఇట్లనా?"

"ఆ. ఇంకాస్త. నీ సెయ్యి బాగానే తిరుగుతుందే! కమ్మీ మొదలు కోసెయ్యాలి. ఈ బెజ్జం నేను పూడుత్తానులే, తెలవకుండా. నేను చేసిన యెదవ పని నాకే కనపడకూడదు."

"సిగ్గు పడతాండావా?"

"నోరు ముయ్యి. ఆ కంకర తట్ట ఇలా జరుపు."

"యా హిందీ! ఖలాస్?"

"గేటోడు వచ్చాడు, పనైపోయిందా అంటన్నాడు! ఆడి చేతిలో కాగితాలు సూడు, రెండూ! సెల్లెమ్మా, నువ్వు మాటాడు, నాకు అరబ్బీ తిన్నగా రాదు. అయిపోయిందను. మిగతా మూడూ పైపైన నిలబెట్టేత్తాను. అసర్ నమాజు పిలుపైపోయింది, ఇనపడలేదా? ఖలాస్ అను, నీకు దణ్ణమెడతాను."

"నువ్వు గుంతలోనే ఉండు. నేను పోయి చెప్పొస్తా."

"ఖలాస్ అను!"

"వస్తాండా, వస్తాండా! ఆగన్నా."

"ఏమైంది? ఇంతసేపేంటి? ఏం సెప్పావు?"

"ఇదో, నీ కాగితం. మేస్త్రి పని అయిపోయింది, మిగిలింది పూడ్చే పని, అది నాది అని చెప్తి. సంతకం ఉండాది, చూసుకో. కాళ్ళు కడుక్కోని బిరీన పో."

"మరి నీది?"

"వెనక్కి ఇచ్చేస్తి."

"వెనక్కిచ్చావా! నీకు మతి... ఇలాంటి కాగితం వెనక్కిచ్చినోళ్ళు ఎవరన్నా ఉన్నారా ఈ దేశంలో? ఆడేమీ అన్లేదా?"

"నవ్వినాడు. పిచ్చిదానా, అందరూ పోతాంటే ఈ ఇంట్లో నీకేం పనుందని అడిగినాడు."

"నువ్వేమన్నావు?"

"ఇంటోళ్ళు వచ్చేసరికి సిమెంటు ఆరాల, నువ్వా బూట్లు తీసి అవతల నిలబడు, అంటి."